మైనపు బొమ్మపై పింగాణి పూత: పోత కర్మాగారాలకు వెళ్ళే మెట్ట యువకులు అడగవలసినవి

జగ్గయ్యపేట: ఐ.టి.ఐ. చదివిన మన మెట్ట ప్రాంతపు కుర్రవాడికి ఉద్యోగం అనగానే ముందు గుర్తుకు వచ్చేది సిమెంటు కర్మాగారం. జయంతిపురం, ముక్త్యాల, బూదవాడల వైపు చూస్తే అది సహజమే. అక్కడ చోటు దొరకనివారు హైదరాబాదు బస్సు ఎక్కుతారు. అటువంటివారికి ఎదురయ్యే ఉద్యోగాలలో ‘స్లరీ మిక్సింగ్ టెక్నీషియన్’ అనేది ఒకటి. ఆ పేరు విని ఇంట్లో పెద్దవాళ్ళకు ఏమీ బోధపడదు. తీరా చేరిన తర్వాత కుర్రవాడికి తెలిసేది కూడా సగమే.

విమానం ఇంజను రెక్కలు, పంపుల భాగాలు, వాల్వులు వంటి నాజూకైన లోహపు వస్తువులను ఇసుక అచ్చులో పోస్తే నునుపు రాదు. అందుకని ముందు వాటిని మైనంతో తయారు చేస్తారు. ఆ మైనపు బొమ్మను పింగాణి గుజ్జులో ముంచి, పైన సన్న ఇసుక చల్లి, ఆరబెడతారు. ఇలా ఆరు నుంచి ఎనిమిది పూతలు. తర్వాత ఆవిరితో మైనాన్ని కరిగించి తీసేసి, మిగిలిన డొల్లను సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో కాల్చి, అందులో కరిగిన లోహం పోస్తారు. ఇది కొత్త విద్య కాదు. ఆదిలాబాదు అడవుల్లో ఓజు పనివారు డోక్రా బొమ్మలు పోసేది ఈ పద్ధతిలోనే. ఆ బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వారు వాడేది పుట్టమన్ను, కర్మాగారం వాడేది జిర్కాన్ పిండి, సిలికా పిండి. తేడా అక్కడ వచ్చింది.

గుజ్జు కలిపేవాడి పని చూడటానికి తేలిక. పెద్ద డ్రమ్ము రాత్రింబగళ్ళు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. అందులో ద్రవరూపపు సిలికా బైండరు, జిర్కాన్ పిండి ఉంటాయి. డ్రమ్ము ఆగితే పిండి అడుగున పేరుకుపోతుంది. కరెంటు పోతే ముందు పరుగెత్తవలసింది డ్రమ్ము దగ్గరకే. అడుగున చిల్లి ఉన్న చిన్న కప్పును గుజ్జులో ముంచి ఎత్తి, అది ఖాళీ అయ్యేందుకు ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచీతో చూస్తారు. దోసె పిండి జారును గరిటెతో చూసినట్టే, కాని ఇక్కడ రెండు మూడు సెకన్ల తేడా వచ్చినా ఊరుకోరు. చిక్కగా ఉంటే మొదటి పూతలో గాలిబుడగలు చిక్కుకుంటాయి. పలుచగా ఉంటే అంచుల దగ్గర పూత నిలువక డొల్ల పగులుతుంది, కరిగిన లోహం బయటకు వస్తుంది. నీరు ఆవిరి కావటం, క్షారగుణం తగ్గటం, సూక్ష్మజీవులు చేరటం - ఏది జరిగినా బైండరు గడ్డకడుతుంది. డ్రమ్మెడు సరుకు పారబోయవలసిందే. ఇంత జాగ్రత్త కావలసిన పనివాడిని చాలాచోట్ల ‘హెల్పరు’ అని రాసుకుని కాంట్రాక్టరు కింద పెట్టడం న్యాయం కాదు.

ఈ విద్యకు గిరాకీ ఉన్న మాట నిజం. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల ఇదే పద్ధతిలో హెలికాప్టరు ఇంజనుకు ఏక స్ఫటిక రెక్కలు పోసి, 2021లో అరవైని హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసింది. కోయంబత్తూరు, రాజ్‌కోట్‌లలో ప్రైవేటు ఫౌండ్రీలు ఉన్నాయి. నేర్చినవాడికి పని దొరకకపోదు.

చిక్కంతా దుమ్ముతో. డ్రమ్ములో తడిగా ఉన్నంతసేపు గుజ్జు హాని చేయదు. సంచి విప్పి పిండి కుమ్మరించేటప్పుడు, నేలపై ఒలికి ఎండిన గుజ్జును చీపురుతో ఊడ్చేటప్పుడు, కాల్చిన డొల్లను పగులగొట్టేటప్పుడు లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుంది. కంటికి కనిపించే దుమ్ముకన్నా కనిపించనిదే ప్రమాదకరం. స్ఫటిక సిలికా దుమ్ము క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ సంస్థ 1997లోనే తేల్చింది. స్ఫటిక రూపంలో లేని సిలికా పిండి కూడా కొలిమిలో కాలిన తర్వాత ఆ రూపంలోకి మారవచ్చు. దీనివల్ల వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. సాధారణంగా పది, పదిహేనేళ్ళకు గాని బయటపడదు. ఆయాసం, దగ్గు చూసి క్షయ అనుకుని మందులు మింగేవారు కద్దు. పైగా ఈ జబ్బు ఉన్నవారికి క్షయ తేలికగా అంటుకుంటుంది కూడా.

కర్మాగారపు ప్రమాదం అంటే మనకు 2024 జూలై 7న బూదవాడ సిమెంటు కర్మాగారంలో జరిగిన పేలుడు వంటిది గుర్తుకు వస్తుంది. అప్పుడు ఊరంతా పరుగెత్తింది, అధికారులు వచ్చారు. దుమ్ము జబ్బుకు అటువంటి రోజు ఉండదు. మనిషి ఊరికి తిరిగివచ్చి, మిరప కల్లంలో బస్తా ఎత్తలేక కూర్చున్నప్పుడు గాని తెలియదు. అప్పటికి కాంట్రాక్టరు ఎక్కడున్నాడో ఎవరికి ఎరుక?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలి. సిలికోసిస్ సోకితే అధికారులకు తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో, పరిహారం ఇవ్వవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో కూడా ఉన్నది. ప్రమాదకర పనుల్లో ఉన్నవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష చేయించాలి. ఇంతవరకు బాగానే ఉంది. కాని కరెంటుతో నడిచే కర్మాగారం అనే నిర్వచనానికి పూర్వం పదిమంది కార్మికులు చాలు, ఇప్పుడు ఇరవైమంది ఉండాలి. చిన్న ఫౌండ్రీల్లో పదిహేను మందితో పని సాగేచోట్ల ఈ మార్పు ఎవరికి మేలు చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

కనుక చేరేముందు అడగవలసినవి ఉన్నాయి. పిండి కుమ్మరించే చోట దుమ్ము పీల్చే గొట్టం ఉన్నదా? ఇచ్చేది సన్న దుమ్మును ఆపే మాస్కేనా, మూతికి కట్టుకునే గుడ్డా? నేల తడిపి తుడుస్తారా, పొడిగా ఊడుస్తారా? జీతం నెలకు 21,000 రూపాయల లోపు అయితే ఇ.ఎస్.ఐ. కోసం కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం కట్టాలి. ఆ నెంబరు చేతికి వచ్చిందా?

దుమ్ము జబ్బు ఒక్క యజమాని దగ్గరే వచ్చిందని తేల్చటం కష్టం. పలుచోట్ల పనిచేసినవాడికి పరిహారం ఆ యజమానులందరూ పంచుకుని ఇవ్వవలసి ఉంటుంది. అందుకు ఎక్కడ, ఎన్నేళ్ళు పనిచేసిందీ చూపే కాగితం కావాలి. చేరేనాటి ఛాతీ ఎక్స్‌రే, నియామక పత్రం, జీతం చీటీలు హైదరాబాదు గదిలో ఉంచితే మారే ప్రతి గదిలోనూ కొన్ని పోతాయి. నకళ్ళు తీయించి, పండుగకు వచ్చినప్పుడు ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం దాచే పెట్టెలోనే పెట్టి వెళ్ళటం మంచిది.