చెవికి అలవాటు కాదు, చెవుడు వస్తది

అన్నలారా, మక్క చేన్లో కోతుల్ని, పందుల్ని బెదరగొట్టడానికి కార్బైడ్ గన్ పేలుస్తున్నాం. "మొదట్లో చెవులు గుయ్యిమనేవి, ఇప్పుడు అలవాటైంది" అని గొప్పగా చెప్పుకుంటాం. మరి ఇంట్లో పిలిస్తే రెండుసార్లు "ఆఁ?" అంటున్నదెవరు? అది అలవాటు కాదన్నా, చెవి పోతున్నది!

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలుంటాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కటి చాలు, శాశ్వతంగా దెబ్బతీయడానికి. తుపాకీ దెబ్బ ఆ హద్దు దాటుతది. మొఖం పక్కనే పేలే మన పైపును ఎవరైనా కొలిచి పేలుస్తున్నామా?

దూది కుక్కుకుంటే ఆగదు. ఫోమ్ ఇయర్ ప్లగ్గును సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. దానిమీద ఇయర్ మఫ్ పెడితే ఇంకా మంచిది. గన్నుకు పైసలు పెట్టినోళ్లం, చెవులకు పెట్టలేమా? పిల్లల చేతికైతే అస్సలు ఇవ్వొద్దు, పక్కన కూడా నిలబెట్టొద్దు.

పంట పోతే మళ్లీ వేస్తం. చెవి పోతే వెనక వచ్చే ట్రాక్టర్ హారన్ కూడా వినపడదు. రాత్రి చేన్లో పంది అలికిడే వినపడకపోతే, ఇంక కావలి ఏం కాస్తం?