నడుము కలుక్కుమంటే...

ప్రశ్న: నా వయస్సు 38. పది రోజుల క్రితం నిండు గ్యాస్ బండను వంగి ఎత్తబోతే నడుము కలుక్కుమంది. మూడు రోజులు లేవలేకపోయాను. ఇప్పుడు కొంత నయం. డిస్కు జారి ఉంటుందనీ, నెల రోజులు మంచం దిగవద్దనీ పొరుగావిడ అంటున్నారు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళచేత తన్నించుకోమని మా అత్తగారు. ఇంట్లో పని చేసేది నేనొక్కదాన్నే. ఇక జన్మలో బరువెత్తకూడదా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, భయపడకండి. మూడు రోజుల్లోనే నయం కనిపించిందంటే అది శుభసూచన. ఇటువంటి నొప్పి చాలామందిలో కొద్ది వారాల్లో తగ్గిపోతుంది.

అసలు ఏం జరిగిందో చూడండి. తలుపును మడతబందుల దగ్గర నెట్టితే కదలడం కష్టం. చివర నెట్టితే తేలిక. బలం ఎంతన్నదే కాదు, ఇరుసుకు ఎంత దూరంలో పనిచేస్తున్నదన్నదీ ముఖ్యం. ఈ రెంటి గుణకారాన్ని బల భ్రామకం అంటారు. మీ పిల్లల పుస్తకంలో టార్క్ అని ఉంటుంది.

వంగినప్పుడు నడుము దగ్గరి వెన్నుపూసలే ఇరుసు. నిండు బండ సుమారు 30 కిలోలు. అది ఇరుసుకు 40 సెంటీమీటర్ల ముందు ఉందనుకోండి. 30ని 40తో గుణిస్తే 1200. దీన్ని నిలబెట్టవలసిన వీపు కండరాలు ఇరుసుకు వెనుక దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. అంటే అవి 240 కిలోల బలంతో లాగాలి! మీ మొండెం బరువు ఈ లెక్కలో వేయనే లేదు. ఆ లాగుడంతా డిస్కులను నొక్కుతుంది. బండను ఒంటికి చేర్చి 20 సెంటీమీటర్లకు తెస్తే 120 కిలోలు చాలు. బండ అదే, భారం సగం.

నెల రోజులు పడుకోవద్దు. పడుకున్నకొద్దీ కండరాలు బలహీనపడతాయి. ఓర్చుకోగలిగినంత నడవండి, తేలికపాటి ఇంటిపని చేసుకోండి. వేడి కాపడం హాయినిస్తుంది. తన్నించుకోవడం మాత్రం వద్దు. ఎలాగూ తగ్గబోయే నొప్పి, ఆ ఘనత తన్నినవారికి పోతుంది!

ఇకపై బండను, తెచ్చిన మనిషిచేతే వంటింట్లో పెట్టించుకోండి. చక్రాల స్టాండు ఉంటే మరీ మంచిది. నీళ్ళ బిందె అయినా, బకెట్ అయినా దగ్గరగా నిలబడి, మోకాళ్ళు వంచి, ఒంటికి ఆనించి ఎత్తండి. ఎత్తి పట్టుకొని నడుము మెలితిప్పకండి, పాదాలతో తిరగండి. ఇలా చేస్తే నొప్పి ఎన్నటికీ రాదని హామీ ఇవ్వలేను గాని, నడుము మీద భారం తప్పక తగ్గుతుంది. బాగా నయమయ్యాక చిన్న బరువులతో మొదలుపెట్టి మళ్ళీ ఎత్తవచ్చు.

అయితే కాలు పట్టు తప్పినా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళండి. జ్వరం తోడైనా, ఆరు వారాలకూ తగ్గకపోయినా డాక్టరుకు చూపించుకోండి.