స్వామి కూలి మాట ఎత్తితే

"స్వాములకు రాజకీయాలెందుకండీ?" ఈ వారం టీవీ చర్చలో మళ్లీ వినబడిందీ మాట. సెప్టెంబర్ 11 స్వామి అగ్నివేశ్ వర్ధంతి. ఆ వారంలోనే వినాల్సి రావడంతో మనసు చివుక్కుమంది.

నాయకుల తల మీద చెయ్యిపెట్టి దీవించే స్వాములను ఈ ప్రశ్న ఎవరూ అడగరు. గెలుపు కోసం యాగం చేయిస్తే అది భక్తి. కూలి మాట ఎత్తితే మాత్రం రాజకీయం!

అగ్నివేశ్ 1939లో మన శ్రీకాకుళంలో వేపా శ్యామరావుగా పుట్టారు. కలకత్తా సెయింట్ జేవియర్స్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదిలి, 1970లో ఆర్యసమాజ సన్యాసం పుచ్చుకున్నారు. హర్యానాలో ఎమ్మెల్యే అయ్యారు, విద్యామంత్రీ అయ్యారు. ఫరీదాబాద్‌లో కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపితే సొంత ప్రభుత్వాన్నే నిలదీసి పదవి వదులుకున్నారు. ఈ ఒక్క పని చేసిన స్వామిని మరొకరిని చూపించండి.

వెట్టి కూలీల విముక్తి కోసం 1981లో ఆయన పెట్టిన బంధువా ముక్తి మోర్చా, ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల గోడు సుప్రీంకోర్టుకు ఉత్తరంగా రాసింది. కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా తీసుకుంది. అడ్వాన్సు తీసుకున్నట్టు తేలితేనే వెట్టి అంటామని హర్యానా ప్రభుత్వం వాదించింది. బలవంతపు చాకిరీ కనబడితే దాని వెనక అప్పు ఉన్నట్టే లెక్క, కాదని నిరూపించుకోవాల్సింది యజమానేనని 1983 డిసెంబర్‌లో జస్టిస్ భగవతి ధర్మాసనం తేల్చిచెప్పింది. వెట్టివాణ్ణి విడిపించడమే అగ్నివేశ్ ఎరిగిన వైదిక ధర్మం. చివరికి దక్కిందేమిటి? 2018లో జార్ఖండ్‌లోని పాకూర్‌లో, ఎనభైకి దగ్గరపడ్డ ఆ మనిషిని బట్టలు చింపి కొట్టారు.

ఆయన పోయి ఏళ్లు గడిచినా వెట్టి పోలేదు. 2030 నాటికి 1.84 కోట్ల మందిని విడిపిస్తామని 2016లో కేంద్రమే చెప్పింది. 1978 నుంచి ఇప్పటిదాకా విడిపించింది దాదాపు 3 లక్షల మందిని. విడుదలైన మనిషికి 1 లక్ష నుంచి 3 లక్షల రూపాయల దాకా ఇస్తామన్నారు గానీ, తక్షణ సాయం పోగా మిగతాది యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. కోర్టులో కేసు ఎన్నేళ్లు నడుస్తుందో తెలియని వాళ్లా ఈ షరతు రాసింది? ఇటుక బట్టీ నుంచి బయటపడ్డ కుటుంబం అన్నాళ్లూ ఏం తిని బతకాలి? మళ్లీ కూలీలను కుదిర్చే అదే సర్దారు దగ్గర అడ్వాన్సుకు చెయ్యి చాపుతుంది.

పశ్చిమ ఒడిశాలో నువాఖాయి పండగ వేళకు ఆ అడ్వాన్సులు చేతుల్లో పడతాయి. తర్వాత బలాంగీర్ నుంచి పిల్లాపాపలతో రైలెక్కి మన హైదరాబాద్ చుట్టుపక్కల బట్టీలకు వస్తారు. వానలు మొదలయ్యేదాకా ఇటుకలు కోస్తారు. అప్పు తీరిందో లేదో చెప్పేది యజమాని పుస్తకమే. ఆ ఇటుకలతోనే మన అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, ఆశ్రమాల ప్రహరీలు లేస్తున్నాయి.

కలెక్టర్ల కింద విజిలెన్స్ కమిటీలు ఉండాలని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమే చెబుతోంది. ఈసారి బట్టీలు రాజుకోకముందే ఆ కమిటీలు వెళ్లి యజమానుల పుస్తకాలు తెరిపించాలి. మఠాధిపతులు కూడా కొత్త మండపానికి ఇటుకల బిల్లు చెల్లించే ముందు, కోసిన వాళ్లకు కూలి ముట్టిందో లేదో కాంట్రాక్టరును అడిగి, లెక్క రాయించుకోవాలి.