ఎన్ని నిమిషాలు నొక్కాలి?

సోమవారం పొద్దున వరంగల్ ఎంజీఎం చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే పక్క బెంచీ మీది మాటలు చెవిన పడ్డాయి. "ఇర్వై నిమిషాలే నొక్కిర్రన్నా. ఇంకో పది నిమిషాలు నొక్కితే ఏం పోయేది వాళ్లది?" అంటున్నాడొక కుర్రాడు. బాపు పోయి ఎన్నాళ్లో కాలేదు, గుండు ఇంకా నున్నగానే ఉంది. ఏ ఆసుపత్రో నేను అడగలేదు. మట్టెవాడలో ఉంటూ ఇలాంటి మాట వినని నెల ఉండదు. ఈసారి మాత్రం ఆ 'ఇర్వై' వారమంతా గుచ్చుతూనే ఉంది.

నా కోపం ఆ కుర్రాడి మీద కాదు. ఆ అంకె సంగతేమిటో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదే, దాని మీద.

ఛాతీ నొక్కడం సినిమాల్లో చూపించినట్టు ఉండదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ రెండంగుళాల లోతుకు నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, ఇంకొకరు అందుకోవాలి. ఆ సందులో మానిటర్ వైపు ఒక చూపు, మెడ మీద రెండు వేళ్లు. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి అడ్రినలిన్. ముసలివాళ్లయితే పక్కటెముకలు విరగడం చేతికి తెలుస్తుంది. తెలిసినా ఆపకూడదు.

మరి ఎప్పుడు ఆపాలి? గడియారం ఒక్కటే చెప్పేది కాదది. గొంతులో వేసిన గొట్టానికి తగిలించే మీటరులో బొగ్గుపులుసు వాయువు ఇరవై నిమిషాల తర్వాత కూడా పది దాటకపోతే ఆశ దాదాపు లేనట్టే. మానిటర్‌లో గీత మొదటి నుంచీ చదునుగా ఉందా, మధ్యలో ఎప్పుడైనా లేచిందా? గుండె ఎందుకు ఆగింది? మన జిల్లాల్లో ఇది పెద్ద ప్రశ్న. కట్లపాము కరిచినవాడు కనురెప్ప కూడా కదపలేడు, చూసేవాళ్లకు శవమే. కానీ గుండె ఆడుతున్నంతసేపు ఊపిరి అందిస్తే కొన్నాళ్లకు లేచి కూర్చోవచ్చు. చెరువులో మునిగినవాడు, పురుగుల మందు తాగినవాడు, ఎనభై ఏళ్ల క్యాన్సర్ రోగి, వీళ్లందరికీ ఒకటే ఇరవై నిమిషాలంటే ఎట్లా?

2012లో లాన్సెట్ పత్రికలో అమెరికా లెక్క ఒకటి వచ్చింది. 435 ఆసుపత్రులు, 64,339 మంది రోగులు. తొందరగా ఆపేసే ఆసుపత్రుల్లో, దక్కనివాళ్లకు నొక్కింది మామూలుగా 16 నిమిషాలు. ఎక్కువసేపు ప్రయత్నించే చోట్ల 25. ఆ రెండో రకం చోట్ల బతికినవాళ్లు కాస్త ఎక్కువ. అంటే కుర్రాడి మాటే నిజం కదా అంటారు. ఆగండి. వాళ్లంతా ఆసుపత్రి లోపలే గుండె ఆగినవాళ్లు. కేక వేస్తే చేయి పడే దూరంలో ఉన్నవాళ్లు. మనవాళ్లు వచ్చేది కరీమాబాద్ నుంచో రంగశాయిపేట నుంచో ఆటో వెనక సీట్లో, బిడ్డ ఒళ్లో తల పెట్టుకొని. రక్తం అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలకే చెడడం మొదలుపెడుతుంది. ఇంటివాళ్ల లెక్క క్యాజువాలిటీ గుమ్మం దగ్గర మొదలవుతుంది, డాక్టరు లెక్క ఇంట్లో మంచం దగ్గర. కొట్లాట అక్కడే పుడుతుంది.

నా స్నేహితుడొకడు చాలా ఏళ్లు రాత్రి డ్యూటీలు చేశాడు. "ఆఖరి పది నిమిషాలు పేషెంటు కోసం కాదురా, బయట నిలబడ్డ పాతికమంది కోసం" అన్నాడు ఒకసారి. పోయిన మనిషి ఎముకలు మన తృప్తి కోసం విరుగుతున్నాయన్న మాట.

ఇందులో సినిమా వాటా కూడా ఉంది. 2003లో 'ఠాగూర్' వచ్చింది. శవానికి వైద్యం చేసి బిల్లు వేసే సీను చూసి మనమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. బిల్లుల దోపిడీ అబద్ధం కాదు, దాని మీద ఇంకో వారం రాస్తాను. కానీ ఆ సీను తర్వాత ఆపని డాక్టరు దొంగ, ఆపిన డాక్టరు హంతకుడు. మధ్యలో నిలబడే చోటేది?

మా అమ్మ పోయినప్పుడు నాకూ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫలానా ఆసుపత్రి అని రాయను. పచ్చ తెర లాగేశారు. తెర కింద నుంచి నాలుగు జతల చెప్పులు, ఒక నర్సమ్మ కాలి పట్టీ, మంచం చక్రం కిర్రుమంటూ కదలడం, ఇంతే కనబడింది. కిర్రు ఆగింది. తెర తీసిన డాక్టరు గోడ వైపు చూశాడు. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయి పదీ పదికి నిలబడింది. జేబులో ఫోన్ తీసి టైం చూసి రాసుకున్నాడు. గడియారాల మీద నాకు పిచ్చి అని ఈ శీర్షిక చదివేవాళ్లకు తెలుసు. రైల్వే స్టేషన్ గడియారం, కోర్టు గడియారం అన్నీ తిట్టాను. కానీ మనిషి పోయిన నిమిషాన్ని నమోదు చేసే గదిలో ముల్లు కదలకపోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి కనబడలేదు.

తెర అక్కర్లేదని ఫ్రాన్స్‌లో తేల్చారు. 570 మంది బంధువులతో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. దగ్గరుండి చూస్తారా అని అడిగినవాళ్లలో మూడు నెలల తర్వాత మనసు చెదిరిన లక్షణాలు తక్కువ. వైద్యానికి అడ్డం పడిందీ లేదు. ఇంటి నుంచి ఒక్కరిని, గట్టి గుండె ఉన్నవాళ్లను, లోపల నిలబెట్టండి. "అమ్మా, ఇది నాలుగో ఇంజెక్షన్, నాడి అందుతలేదు, ఇంకో రెండు సార్లు చూసి ఆపుతం" అని ముందే చెప్పండి.

నయంకాని జబ్బుతో చివరికొచ్చినవాళ్ల సంగతి ఇంకా ముందే మాట్లాడుకోవాలి. ఇక ఛాతీ నొక్కొద్దన్న నిర్ణయం ఎట్లా తీసుకోవాలో ఐసీఎంఆర్ 2020లోనే రాసింది. సుప్రీంకోర్టు 2018లో గౌరవంగా చనిపోయే హక్కును ఒప్పుకుంది, 2023లో దారి కొంత సులువు చేసింది. కర్ణాటక 2025 జనవరిలో ఆసుపత్రులకు ఉత్తర్వు ఇచ్చింది. ఇవన్నీ ఐసీయూ కాగితాలు. రాత్రి రెండింటికి పాతికేళ్ల పీజీ డాక్టరు చుట్టూ పాతికమంది మూగినప్పుడు వీటిలో ఒక్కటీ అతని జేబులో ఉండదు. ఉండేది 2008 చట్టం బోర్డు, గోడకు: డాక్టరు మీద చేయి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు. చావు వార్త వినబోయేవాడికి ముందు కనబడేది ఆ బెదిరింపే.

ఆ బోర్డు పక్కన ఒక గది కట్టించండి. ఏసీ వద్దు, ఫ్లెక్సీ మీద మంత్రిగారి బొమ్మ అసలే వద్దు. నాలుగు కుర్చీలు, తాగే నీళ్లు, తలుపుకు గొళ్లెం. చాయ్ దుకాణం బెంచీ మీద ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న అక్కడ డాక్టరునే అడగాల్సింది.

– మట్టెవాడ వాసి