ఎల్లమ్మకు గోత్రం ఎవరిచ్చారు?

ఎల్లమ్మ ఎవరని అడిగితే తెలంగాణ పల్లెల్లో టక్కున వచ్చే జవాబు: జమదగ్ని భార్య, పరశురాముడి తల్లి రేణుక. గుళ్ల మీద కూడా రేణుకా ఎల్లమ్మ అనే రాస్తారు. ఈ చుట్టరికం ఎక్కడ కలిసింది?

రేణుక కథ మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. స్నానానికి వెళ్లిన ఆమె, భార్యలతో జలక్రీడలాడుతున్న చిత్రరథుడనే రాజును చూసింది. క్షణంపాటు మనసు చెదిరింది. ఆమె చేసిందల్లా అంతే. చంపెయ్యమన్నాడు భర్త. నలుగురు కొడుకులు ఆ పనికి పూనుకోక శాపం పాలయ్యారు. ఐదోవాడు పరశురాముడు గొడ్డలెత్తి తల్లి తల నరికాడు. మెచ్చిన తండ్రిని వరాలడిగి ఆమెను బతికించుకున్నాడు. నరికిన సంగతి ఆమెకు గుర్తుండకూడదన్నది కూడా ఆ వరాల్లో ఒకటి! చంపినవాడికి పాపం అంటలేదు, చచ్చినామెకు జ్ఞాపకమూ మిగల్లేదు. ఇంత కథలో ఎల్లమ్మ పేరు ఒక్కచోట కూడా లేదు.

జమిడిక మోగిస్తూ బైండ్లవాళ్లు చెప్పే ఎల్లమ్మ కథ దారి వేరు. జనంలో ఉన్న ఒక కథనం ప్రకారం రేణుకతోపాటు ఒక దళిత స్త్రీ తల కూడా తెగుతుంది. బతికించేటప్పుడు తలలు తారుమారవుతాయి. ఒకరి తల, ఇంకొకరి మొండెం. రెండు వేర్వేరు దేవతలను కలిపి కుట్టిన అతుకు ఇందులోనే కనబడుతోందని నా అభిప్రాయం. కల్లు సాకకూ కోడికీ సంతోషించే ఊరి దేవతకు ముని ఇంటి కోడలి హోదా ఇచ్చారు. కిందివాళ్ల ఆచారాలు పైవర్ణాల అచ్చులోకి మారడాన్ని సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ సంస్కృతీకరణ అన్నారు. ఆ మాట కూర్గుల మీద 1952లో వచ్చిన ఆయన పుస్తకంలో ఉంది.

హోదా పెరిగింది సరే, దేవతను కొలిచే ఆడవాళ్లకు ఏం ఒరిగింది? మనసులో మెదిలిన ఒక్క తలపుకు తల తీయడం న్యాయమని నేర్పే కథ మిగిలింది. మరోపక్క అదే అమ్మ పేరిట దళిత ఆడపిల్లల మెడలో తాళి కట్టి, జోగినులను చేసి, ఊరి పెద్దల పాలు చేశారు. రేణుక మనసు చెదిరితే ధర్మం కూలిపోయిందన్నవాళ్లు, పసిపిల్లల శరీరాలను ఊరుమ్మడి చేసినప్పుడు నోరెత్తలేదు. దేవత కోపిస్తుందన్న భయమే ఆ పెద్దలకు కాపలా కాసింది.

ఆడపిల్లను దేవతకు అర్పించడం నేరమంటూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లోనే చట్టం వచ్చింది. మీ ఊళ్లో ఏ పిల్లకైనా అలాంటి తాళి కట్టబోతున్నారని తెలిస్తే, అమ్మవారి ఆగ్రహానికి జంకకండి. వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.