వృద్ధాప్యం వ్యాధి కాదు

మా కోటవురట్ల ప్రాంతంలో కలవారి ఇంట ఒక వృద్ధుడు మరణిస్తే, పరామర్శకు వెళ్ళినవారికి కారణం వెంటనే తెలుస్తుంది. గుండెపోటు అనో, మూత్రపిండాలు చెడిపోయాయనో, విశాఖపట్నంలో ఇన్ని రోజులు వైద్యం చేయించామనో బంధువులు చెబుతారు. జీవితమంతా కూలికి వెళ్ళిన వృద్ధురాలు మరణిస్తే వినిపించే మాట ఒక్కటే: “వయసు మళ్ళింది, పోయింది.”

ప్రాచీన సాహిత్యం చదువుకున్నవాడిని కనుక మరణాన్ని చెప్పే మాటలను నేను శ్రద్ధగా గమనిస్తాను. పరమపదించాడు, కీర్తిశేషుడయ్యాడు, కాలధర్మం చెందాడు. వీటిలో గౌరవం ఉంది, కారణం లేదు. కావ్యంలో అది లోపం కాదు. కాని పేదల విషయంలో ‘వృద్ధాప్యం’ అనే మాట చాటున ఎవరూ కనిపెట్టని రక్తపోటు, మందులు మానివేసిన మధుమేహం, కట్టెలపొయ్యి పొగకు చెడిన ఊపిరితిత్తులు దాగి ఉంటాయి.

గుండెజబ్బు ధనవంతుల జబ్బని, పల్లె ప్రజలు అంటువ్యాధులతోనే మరణిస్తారని ఒక నమ్మకం ఉండేది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన పరిశోధన దానిని తారుమారు చేసింది. ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్ళకు వెళ్ళి చివరి రోజుల లక్షణాలను అడిగి వ్రాసుకున్నారు. వాటిని బట్టి వైద్యులు కారణాన్ని నిర్ణయించారు. అన్ని వయసులవారివీ కలిపి 1,354 మరణాలలో గుండె, రక్తనాళాల వ్యాధుల వాటా 32 శాతం, అంటువ్యాధులది 12 శాతం. లండన్‌లో ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన అధ్యయనంలోనూ గుండెజబ్బు మరణాలు పై అధికారులలో కంటే అట్టడుగు ఉద్యోగులలోనే దాదాపు మూడు రెట్లు కనిపించాయి.

ఉత్తరాంధ్ర పల్లెలలో కొందరు స్త్రీలకు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకొని కాల్చే అలవాటు ఉంది. దానిని అడ్డపొగ అంటారు. అది అంగిట్లో కాన్సరుకు దారితీస్తుందని వైద్యులు ఎన్నడో గుర్తించారు. నోటిలో పుండుతో తిండి మానిన అవ్వ మరణిస్తే, వయసు మీద పడిందని సరిపెట్టుకోవడం న్యాయమా?

2023లో సవరించిన జనన మరణ నమోదు చట్టం ప్రకారం, ఇంట్లో మరణించినవారికి చివరి జబ్బులో వైద్యం చేసిన వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించాలి. వైద్యుడే చూడని వారి సంగతి ఏమిటి? 2020లో దేశంలో నమోదైన మరణాలలో వైద్యులు కారణం ధ్రువీకరించినవి సుమారు 22 శాతమే.

పోయాక కారణం తెలిసి లాభమేమని మీరు అడగవచ్చు. లాభం పక్క ఇంటివారికి. ఒకే వీధిలో నలుగురు పక్షవాతంతో పోయారని తెలిస్తే, మిగిలినవారికి రక్తపోటు పరీక్షలు చేయడానికి ఆసుపత్రివారే కదిలి రావచ్చు. మాత్రలు ఉచితంగా ఇచ్చినా, వాటికోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవలసినవారు ఆసుపత్రికి తరచు వెళ్ళలేరు.

గోదావరి గ్రామాలలో ఇరవై ఏళ్ళ క్రితమే సాధ్యమైనది నర్సీపట్నం పరిసరాలలో అసాధ్యమని నేను అనుకోను. ఊరిలోని ఆశా కార్యకర్త మృతుల కుటుంబానికి కొత్త మనిషి కాదు. దినకర్మలు ముగిశాక ఆమె వెళ్ళి, ఆయాసం ఎన్నాళ్ళనుంచి ఉంది, కాలూచెయ్యీ పడిపోయాయా, ఏ మందులు వాడేవారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని అడిగి వ్రాసుకోవాలి.