ఖద్దరు ముద్ర

బట్టను చేత తాకి, నూలు నలిపి, నేత పరికించి కొనుట మన సంతలలో తరతరముల ఆచారము. అంతర్జాలపుటంగడిలో ఆ పరీక్షకు తావు లేదు. అచ్చట కొనువారికి కానవచ్చునది బొమ్మయు, దానిప్రక్కనున్న ముద్రయు మాత్రమే. ముద్రయే సాక్ష్యమైన చోట దానిని దొంగిలించినవాడు సరకును, ధర్మమును ఒక్కసారే కల్తీ చేయుచున్నాడు. కావుననే ఖాదీ గ్రామోద్యోగ కమీషను తన పేరును, చరఖా గుర్తును కాపాడుకొనుటకు పూనిన ఉద్యమమును మేము హర్షించుచున్నాము.

2020లో కమీషను అనుమతి లేక తన పేరు వాడుకొనుచున్న 1000కి పైగా సంస్థలకు నోటీసులంపెను. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ అంగళ్లనుండి 160కి పైగా ప్రకటనలు తొలగింపబడెను. ఈ వ్యాధి నేటిది కాదు. మిల్లుబట్టకు ఖద్దరు పేరు తగిలించు మోసమును అరికట్టుటకే 1934లో ఖద్దరు నామ సంరక్షణ శాసనము పుట్టెను. భారతదేశమున చేత వడికి, చేమగ్గమున నేసినదే ఖాదీ యని 1956 నాటి కమీషను చట్టము నిర్వచించెను. 2013 నాటి నిబంధనలు ఖాదీ మార్కును విధించెను.

ఖద్దరు జాతి సొత్తు గదా, ఆ పేరుపై ఒకరికి హక్కేమని కొందరడుగుదురు. జాతి సొత్తగుటచేతనే దానికి కావలి కావలెను. అయితే కావలివాడు యజమానుడు కాడు. 1999 నాటి ట్రేడుమార్కుల చట్టము 30వ సెక్షను వ్యాపారమున నిజాయితీగల వాడుకకు మినహాయింపు నొసగుచున్నది. ఖద్దరును గూర్చి వ్రాయువానిని, కమీషనును విమర్శించువానిని, తాను వడికిన నూలును ఉన్నదున్నట్లు చెప్పుకొను పేదవానిని మోసగానితో జతకట్టి నోటీసులతో బెదరించుట న్యాయము గాదు.

ఇంటిలోని కల్తీని కూడ మరువరాదు. 2022లో ముంబయిలోని ఒక ప్రాచీన ఖాదీ సంస్థ నకిలీ సరకు నమ్మెనని దాని ధ్రువపత్రమును కమీషనే రద్దు చేసెను. ఈ కాఠిన్యము ప్రశంసార్హము. బయటివారిపై వేయు కొరడా లోపలివారిపై కూడ వేసినప్పుడే ముద్రకు విలువ.

ఇక అంతర్జాలపు వర్తకుల మాట. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షను ఇతరులు పెట్టిన ప్రకటనలవిషయమున మధ్యవర్తికి షరతులతో రక్షణ నిచ్చుచున్నది. ఆ రక్షణచాటున కూర్చుండి, ఎవరైన ఫిర్యాదు చేసినపిమ్మట తీసివేసెదమనుట చాలదు. అమ్మకమునుండి తమ వంతు ముందుగా పుచ్చుకొనువారు ధ్రువపత్రమును కూడ ముందుగానే చూడవలెను. కమీషను సయితము ఆ పత్రమును చిన్న సంఘములకు స్వల్పవ్యయముతో, శీఘ్రముగ నందజేయవలెను.

శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని స్త్రీలు వాలుగచేప దవడతో ప్రత్తి నేకి సన్ననూలు వడకుచున్నారు. వారికి ప్రకటనల ధనము లేదు, వకీళ్లు లేరు. వారికున్న ఆస్తి ఆ పేరొక్కటే. మిల్లునూలును ఖద్దరని యమ్మువాడు వారి కూలినే యపహరించుచున్నాడు. కమీషను తన జయమును తొలగించిన ప్రకటనల లెక్కతో గాక, ఆ వడకువారి చేతికి చేరిన కూలితో కొలుచుకొనుగాక!